చౌక్ నడుమ నానమ్మ శాలువా

వెన్నలో మాడ్చిన కాఫీగింజల వాసన వస్తే చాలు, నాకు యూరప్ గుర్తొస్తుంది. నవ్వకండి. ఆ వాసన వచ్చేది సింగపూర్ వుడ్‌ల్యాండ్స్‌లో మా చిన్నప్పటి ఫ్లాట్ దగ్గరి హాకర్ సెంటర్లో, అంటే తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోట. గుర్తొచ్చేదేమో ఎక్కడో గడియార స్తంభమున్న ఒక చౌక్. ఏ ఊరిదో మాత్రం నన్నడగొద్దు. అమ్మ ఒక పేరు చెబుతుంది, నాన్న ఇంకో పేరు చెబుతాడు. పది రోజుల్లో అన్ని ఊళ్ళూ చుట్టబెట్టిన టూరులో ఏది ఎక్కడ చూశామో వాళ్ళకే తికమక.

నానమ్మ చీరాల నుంచి వచ్చి మాతో ఉన్న రోజులవి. ఆదివారం పొద్దున్నే ఆ హాకర్ సెంటర్లో ఫ్యాన్ల హోరు, నూడుల్స్ ఉడికే ఆవిరి, తడి గుడ్డతో బల్లలు తుడిచే ఆంటీ కేకలు. జనం కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పడేసి వరసలో నిలబడటానికి పోయేవాళ్ళు. ఇక ఆ సీటు వాళ్ళదే. దాన్నే ‘చోప్’ అంటారిక్కడ. సింగపూర్‌లో మరే వింతా నానమ్మకు ఎక్కలేదు గానీ ఇది మాత్రం చూడగానే మురిసిపోయింది. "ఓసి, మన బస్టాండులో కిటికీలోంచి కర్చీఫ్ ఏసేదేగా!" అంది. అప్పట్నుంచి టిష్యూ దండగని తన నీలం అంచు కర్చీఫే బల్ల మీద పరిచేది. నాకో చట్టం కూడా పెట్టింది: "తప్పిపోతే ఏడవమాక. కర్చీఫ్ కాడికొచ్చి నిలబడు. నేనొస్తా."

ఆ చౌక్‌కు వెళ్ళేనాటికి నాకు ఏడేళ్ళు. నాలుగు పక్కలా గులాబీ, పసుపు రంగుల పాత మేడలు, కాళ్ళ కింద గుండ్రాళ్ళు, ఎక్కడ చూసినా పావురాలు, గుర్రబ్బండ్ల కంపు, కాల్చిన మాంసం వాసన, సబ్బు బుడగలు ఊదే మనిషి, మేడల ముందు ఎర్ర గొడుగుల కింద బల్లలు. వెంకటగిరి చీర మీద నాన్న స్వెట్టరూ శాలువా, కాళ్ళకు సాక్సూ బూట్లతో నానమ్మ. అందరం ఆకలితో ఉన్నాం. ఖాళీ బల్ల కనబడగానే నానమ్మ కర్చీఫ్ పరిచింది, నాన్న కుర్చీకో టిష్యూ ప్యాకెట్ పెట్టాడు, ఇక బల్ల మాదేనన్న ధీమాతో పన్నెండింటికి గడియారంలోంచి బొమ్మలు బయటికొస్తాయంటే చూడ్డానికి పోయాం. గంట మోగింది, జనం ఒక్కసారిగా ముందుకు తోసుకొచ్చారు, నానమ్మ చెయ్యి జారిపోయింది.

చట్టం గుర్తుంది. ఏడవలేదు. కర్చీఫ్ వెతుక్కుంటూ బయల్దేరాను. కానీ నాలుగు పక్కలా అవే ఎర్ర గొడుగులు, అవే బల్లలు! ఎవరో వదిలేసిన చెత్త అనుకుని వెయిటర్ అంతా ఎత్తేశాడని తర్వాత తెలిసింది. చుట్టూ తిరిగాను, మళ్ళీ తిరిగాను. కాసేపటికి, అసలు కర్చీఫ్ వేసింది ఇక్కడేనా, వుడ్‌ల్యాండ్స్‌లోనా అని నాకే అనుమానం వచ్చింది. ఎవరో ముసలావిడ వంగి ఏదో అడిగితే "నో లా, నానమ్మ కమింగ్" అన్నాను మా సింగపూర్ ఇంగ్లిషులో.

అప్పుడు జనం కాళ్ళ సందుల్లోంచి కనబడింది, మెరూన్ శాలువా. చౌక్ నట్టనడుమ రాళ్ళ మీద దాన్ని పరిచి, బాసింపట్టు వేసుకుని కూర్చుంది నానమ్మ. జనం ఆమెను తప్పుకుని పోతున్నారు. నాన్న బతిమాలుతున్నాడు: "అమ్మా, లెగమ్మా, పోలీసులకు చెబుదాం."

"కర్చీఫ్ తీసేశార్రా ఎదవలు! పిల్ల ఎక్కడికొస్తది? నే లెగను."

పరుగెత్తి ఒళ్ళో పడి భోరుమన్నాను. "ఏడవమాకని చెప్పలా?" అంటూ తన కళ్ళే ఒత్తుకుంది.

నిన్న చాలా ఏళ్ళకు ఆ హాకర్ సెంటర్‌కు వెళ్ళాను. బల్లలు తుడిచే ఆంటీ లేదు, ఎవరి ట్రే వాళ్ళే అరలో పెట్టాలి, సగం కొట్లలో ఏం కావాలన్నా నోటితో అడిగేది లేదు, తెర మీద వేలితో నొక్కడమే. నానమ్మ పోయి ఐదేళ్ళయింది. సూప్ తెచ్చుకుని కూర్చుని, అలవాటు కొద్దీ ఎదురు కుర్చీలో కర్చీఫ్ వేశాను. వేడి గిన్నె పట్టుకున్న ఒక అంకుల్ వచ్చి, ఎవరైనా వస్తున్నారా అని ఇంగ్లిషులో అడిగాడు. "యెస్, కమింగ్" అనేశాను. ఆయన వెళ్ళిపోయాక గాని నాకు తట్టలేదు, ఎవరొస్తారని? తప్పిపోయింది తనో నేనో తేలక, సూప్ చల్లారేదాకా ఆ కర్చీఫ్ కాడే కూర్చున్నాను.