మా వదిన కట్టిన పాటలు

మొన్న చలికి జలుబు చేసి వారం పాటు నా గొంతు పూర్తిగా పడిపోయింది. మనవరాలిని పిలవాలంటే గిన్నె మీద గరిటెతో కొట్టవలసి వచ్చింది. ఇంట్లో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను గానీ, మధ్యాహ్నం ఒక్కదాన్నే కూర్చున్నప్పుడు మా వదిన మనసులో మెదిలింది. ఆమె ఏళ్ల తరబడి మోసిన బాధ ఎలాంటిదో ఇన్నాళ్లకు కాస్తయినా తెలిసినట్టనిపించింది.

వదిన అంటే మా అన్న భార్య. అరవై తొమ్మిదిలో, తెలంగాణ గొడవలతో బడులు మూతపడి నేను ఇంటిపట్టునే ఉన్న ఏడాది, ఆమె నస్రుల్లాబాద్ నుంచి బాన్సువాడకు మా ఇంటి కోడలిగా వచ్చింది. అన్న రైసుమిల్లుకు పోగానే అమ్మ, వదిన, పక్కింటి అవ్వ మా అరుగు మీద చేరి, ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు. మాది యేసును నమ్మిన ఇల్లు, అవ్వ వాళ్లది ఎల్లమ్మను కొలిచే ఇల్లు. అయినా తునికాకు కత్తిరిస్తూ వదిన పాట ఎత్తుకుందంటే అవ్వ చేతులు వాటంతటవే ఆగిపోయేవి. వీధికొక రేడియో కూడా లేని ఆ రోజుల్లో మంచి గొంతంటే ఎంత అపురూపమో మన ఈడు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. వదిన రాగాన్ని పైకి ఎత్తి, అక్కడే కాసేపు ఊయలలూపి, మెల్లగా దింపేది. దారిన పోయేవాళ్లు చెప్పులు సర్దుకునే నెపంతో ఆగేవాళ్లు.

ఆ పాటలు ఆమె సొంతం. రాయడం పెద్దగా రాదు. చిన్నప్పుడు నాట్లలో విన్న వరుసల్లోనే దేవుని మాటలు కూర్చుకునేది. అన్నిట్లోకీ మాకు ఇష్టమైనది ఇది:

ఎంట నడిచేటి దేవా, ఇగ నాకేంది ఫికరు
ఎండిన మడిల నీళ్లోలె వస్తివి నా తండ్రీ

అప్పుడు మా చర్చి పాస్టరుగారు కోస్తా నుంచి వచ్చినవారు. మేమంతా అయ్యగారూ అనేవాళ్లం. మంచి మనిషే, కానీ ఆరాధనలో భాష శుద్ధంగా ఉండాలన్న పట్టుదల ఆయనది. ఒక ఆదివారం వదిన ఈ పాట వినిపిస్తే ఆయన నవ్వి, "అమ్మా, దేవుని పాటలో ఈ ఫికరు ఏమిటమ్మా? చింత అనవచ్చు కదా!" అన్నారు.

వదిన కొంగు సవరించుకుని నెమ్మదిగా, "మాకు చింతలు రావు అయ్యగారూ, ఫికర్లే వస్తయి. ఏదొస్తే గదే దేవునికి చెప్పుకుంటం గద," అంది.

ఆయన మళ్లీ నవ్వారు, పాటను మాత్రం చర్చిలో ఒప్పుకోలేదు. వదిన నొచ్చుకున్నా ఎదురు చెప్పలేదు. చర్చిలో ఇతరుల పాటలు పాడేది, తన పాటలు అరుగు మీదా, జబ్బుపడ్డవాళ్ల మంచాల దగ్గరా పాడుకునేది.

డెబ్బైల మధ్యలో ఆమె మెడ మీద గడ్డ లేచింది. మొదట ఎవరమూ పట్టించుకోలేదు. మింగడం కష్టమై, ఊపిరి ఆడకపోయేసరికి అన్న హైదరాబాదు దవాఖానకు తీసుకుపోయాడు. తోడుగా నేనూ వెళ్లాను. గడ్డ గొంతు నరాన్ని అంటుకుని ఉంది, కోసేస్తే ప్రాణానికి భయం లేదు గానీ గొంతు దక్కుతుందని మాట ఇవ్వలేనని డాక్టరు ముందే చెప్పాడు. అన్న గోడకు తిరిగి ఏడుస్తుంటే వదినే ఓదార్చింది. "ఏడ్వకు. పిల్లలున్నరు గద, కొయ్యమను. పాటలు ఎవరన్న పాడుకుంటరు." ఆపరేషన్ నాటి ఉదయం మంచం మీద కూర్చుని ఆ ఫికరు పాటే పాడింది. ఊడ్చేవాళ్లు చీపుర్లు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆ గొంతు వినడం నాకు అదే ఆఖరు.

ప్రాణం దక్కింది, గొంతు పోయింది. గుసగుస తప్ప పలుకు లేదు. అంత తేలిగ్గా వదులుకున్నట్టు మాట్లాడిన మనిషి, ఇంటికి వచ్చాక తట్టుకోలేకపోయింది. చర్చికి రావడం మానేసింది. అరుగు మీదికి రాక, లోపల గోడవైపు తిరిగి బీడీలు చుట్టేది. ఎవరం ఏం చెప్పినా తల ఊపేది, అంతే.

ఒకనాడు పక్కింటి అవ్వ ఏదో ధ్యాసలో ఆ పాటే అందుకుంది, అదీ మహా తప్పుగా. లోపల కత్తెర చప్పుడు ఆగింది. కాసేపటికి వదిన చాట పట్టుకుని బయటికి వచ్చి, దాన్ని అరచేత్తో ఒక్కటి చరిచి, "గట్ల గాదవ్వా!" అని గుసగుసలాడింది.

"మల్ల ఎట్లనో చెప్పరాదు! నాకేమెరుక?" అంది అవ్వ.

చెప్పబోయింది. గుసగుసలో ఆ ఊయలలు పలకవు, పలికినా అవ్వకు రావు. విసిగి విసిగి చివరికి వదిన వంపులన్నీ తీసేసి, చాట మీద వేళ్లతో దరువేస్తూ, మాటల్ని నేల మీద నడిపించినట్టు పేర్చింది. అవ్వకు వచ్చేసింది! నెలల తర్వాత వదిన నవ్వగా ఆ రోజే చూశాం.

అక్కడినుంచి పాటలు మళ్లీ మొదలయ్యాయి. ఏది కట్టినా ముందు అవ్వ చేత అనిపించేది. అవ్వ ఎక్కడ ఆగిపోతే అక్కడ వరుస మార్చేది. వెనుకటి పాటలు ఆమెకే సాగేవి, మేము వినేవాళ్లం. ఇవి మాకూ సాగేవి. నాట్లకు పోయే ఆడవాళ్ల నోట అవి ఊళ్లు దాటాయి. బీర్కూర్ బస్సులో కూలివాళ్లు ఫికరు పాట పాడుతుంటే అయ్యగారు విన్నారట. ఆ ఆదివారం తానే ఆ పాట ఎత్తుకున్నారు, ఫికరు అన్న మాట మార్చకుండా. వదిన తల వంచుకుని కన్నీళ్లు తుడుచుకుంది.

ఎనభైల్లో ఒకసారి మహారాష్ట్ర సరిహద్దు దగ్గరి డోంగ్లిలో ప్రార్థన కూటానికి పోయాం. అక్కడ మమ్మల్ని ఎరిగినవాళ్లు లేరు. అందరూ వదిన పాటే పాడుతున్నారు, ఆమె పెదవులు మాత్రం కదలడం లేదు. పక్కనున్న ఆమె, మరాఠీ యాస తెలుగులో, "రాదా అక్కా? ఫికర్ చెయ్యకు, నేను చెప్త, నా ఎంట అను," అని ఒక్కొక్క మాటా చెప్పడం మొదలుపెట్టింది. నేను నోరు తెరవబోతే వదిన నా చెయ్యి గట్టిగా నొక్కింది. బడిపిల్లలా ఆమె వెంట పాటంతా అంది. తిరిగి వస్తుంటే నా చెవిలో, "నా కన్న మంచిగ చెప్పింది," అంది. ఆ ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు మా చర్చిలో వాయిద్యాలున్నాయి, తెర మీద మాటలు పడతాయి, పిల్లలు నిజంగా ఎంతో బాగా పాడతారు. కానీ ఆ రాగాల ఎత్తులు నాకు అందవు, నా పక్కన కూర్చునే నా ఈడు వాళ్లకూ అందవు. చప్పట్లు కొడుతూ వింటాం. పాట ఇంత గొప్పదైనందుకు సంతోషమే. మాకూ వచ్చేదాకా ఆగి, మా కోసం వరుస మార్చే మనిషి మాత్రం ఇప్పుడు లేదు.