జయరావు పేరు మీద మూడు సీజన్లు

పొద్దున్నే మిలిటరీ వర్క్‌షాపు మైదానంలో హాజరు పిలిచేటప్పుడు, జయరావు తన పేరు వినగానే పలికేవాడు కాదు. ఒక్క ఊపిరి ఆగి, అప్పుడు గొంతు విప్పేవాడు. నిద్ర చాలలేదా అని హవల్దారు మొదట్లో కసిరేవాడు. కొన్నాళ్ళకు ఆయనే ఆ కాస్త వ్యవధి ఇవ్వడం అలవాటు చేసుకున్నాడు. ఎందుకని ఏనాడూ అడగలేదు. దేవుడు కొందరికి అలాంటి మనసిస్తాడు.

ఆగేది ఎందుకో జయరావుకు తెలుసు. ఆ పేరుకు తనకంటే ముందు ఇంకొకరు పలుకుతారేమోనని.

చిలకలూరిపేట దగ్గర హైవే పక్కనున్న ఒక జిన్నింగ్ మిల్లులో ఆ పేరు రాయించుకున్నప్పుడు అతనికి పద్దెనిమిదేళ్ళు. తొంభై అయిదు నవంబరు, పత్తి సీజను మొదలు. ఫిట్టరు కింద చేరి మిషన్లకు నూనె పెట్టడం, బెల్టులు బిగించడం నేర్చుకున్నాడు. మరుసటి ఏడు నరసరావుపేటలో ఐటీఐ సీటు వచ్చింది. చదువుకు వెళ్ళాలి, మిల్లులో చోటూ పోకూడదు. కొత్త పేరు ఎక్కించాలంటే గేటు దగ్గర నలభైమంది కాచుకుని ఉన్నారు. అందరికీ చెప్పే మాటే మేస్త్రి జయరావు ఇంటివాళ్ళకూ చెప్పాడు. పేరు అలాగే ఉండనివ్వండి, మనిషిని మార్చుకోండి అని. మిషను ముందు ఒక మనిషి నిలబడితే చాలు. అన్న పేరు మీద తమ్ముడు, మామ పేరు మీద అల్లుడు అక్కడ చాలామందే ఉండేవారు. అది తప్పని ఎవరికీ తోచలేదు.

అలా జయరావు పేరు మీద పెదనాన్న కొడుకు ఏసుబాబు వెళ్ళాడు. రెండు సీజన్లు రాత్రి షిఫ్టు చేశాడు. గేటు దగ్గర "జయరావు" అంటే ఏసుబాబు పలికేవాడు. ఐటీఐకి వెళ్ళే తమ్ముడి టిఫిను డబ్బాలో తన వంతు గుడ్డు కూడా పెట్టించి, తనకు గుడ్డు పడదని చెప్పేవాడు.

తొంభై ఎనిమిది ఫిబ్రవరిలో ఒక రాత్రి, మెడకు చుట్టుకున్న తువ్వాలును తిరుగుతున్న బెల్టు లాక్కుంది. గుంటూరు చేర్చేలోపే ఏసుబాబు పోయాడు. పుస్తకంలో పోయింది మాత్రం జయరావు. ఏసుబాబు తల్లి రెబ్కమ్మ నష్టపరిహారం అడగబోతే, చనిపోయినట్టు రాసి ఉన్నవాడు నీ పక్కనే నిలబడ్డాడు, నీ కొడుకు పేరు మా దగ్గర ఏనాడూ లేదు అన్నారు మిల్లువాళ్ళు. మట్టి ఖర్చులిచ్చి పంపేశారు. ఆ ఏడు చివర్లో జయరావు ఫిట్టరుగా సైన్యంలో చేరాడు.

నాలుగో ఏట యూనిట్ ఆఫీసులో క్లర్కు ఒక సంగతి చెప్పాడు. ఐటీఐ సర్టిఫికెట్టుతో పాటు, చేరకముందు మూడు సీజన్లు అదే పని చేసినట్టు అనుభవ పత్రం తెస్తే పై క్లాసు ట్రేడ్ టెస్టుకు ఇప్పుడే కూర్చోవచ్చు. పాసైతే రెండు ఇంక్రిమెంట్లు ఒకేసారి కలుస్తాయి. లేకపోతే ఇంకో మూడేళ్ళు ఆగాలి. అప్పటికి జయరావు భార్య మహిమకు ఆరో నెల. కాలనీలో కట్టుకుంటున్న ఇంటికి గోడలు లేచాయి గాని పైకప్పు పడలేదు. సెలవు పెట్టి రైలెక్కాడు.

మిల్లులో గుమాస్తా వెంకటనారాయణ గారు అతన్ని గుర్తుపట్టి కుర్చీ చూపించారు, టీ తెప్పించారు. తర్వాత పాత హాజరు పుస్తకం దుమ్ము దులిపి తెరిచారు. జయరావు వంగి చూశాడు. తన పేరు మీద ఎర్ర సిరా అడ్డగీత. పక్కన "మరణించెను". అవతల మిషన్లు తిరుగుతున్నాయి. ఆ రొదలో ఎవరో తన పేరు పిలిచినట్టయి వెనక్కి చూశాడు. ఎవరూ లేరు.

"పుస్తకం ప్రకారం నువ్వు లేవురా అబ్బాయ్," అన్నారు గుమాస్తా నవ్వబోయి. "చచ్చినోడికి సర్టిఫికెట్టు ఇచ్చానని తెలిస్తే మా ఓనరు నన్ను ఆ పక్క గడిలో రాస్తాడు."

మళ్ళీ ఆయనే దారి చెప్పారు. మూడు సీజన్లూ ఉన్నది జయరావు పేరే కాబట్టి, రాస్తే అబద్ధమేమీ కాదు. చివరి రెండేళ్ళూ పగలు ఐటీఐ, రాత్రి మిల్లు అని చూపించవచ్చు. "మరణించెను" అన్న ఆ ఒక్క మాట మీద కాగితం అంటించి "పని మానెను" అని దిద్దితే సరిపోతుంది. ఆయన ఇందులో తనకేమీ ఆశించలేదు. కుర్రాడు బాగుపడాలనే అనుకున్నారు. రేపు రమ్మన్నారు.

సాయంత్రం జయరావు మిరప కల్లానికి వెళ్ళాడు. రెబ్కమ్మ ఇంకో పదిమంది ఆడవాళ్ళతో కూర్చుని కాయలకు తొడిమలు తీస్తోంది. అతన్ని చూసి, ఘాటుకు దగ్గుతూనే లేచి, కొంగుతో గోనెపట్టా దులిపి కూర్చోబెట్టింది. ఈ నాలుగేళ్ళలో ఆమె అతన్ని ఒక్క మాట అనలేదు. సెలవు అయిపోయి వెళ్ళే ప్రతిసారీ పండుమిరప పచ్చడి సీసా కట్టి ఇచ్చేది. ఆ పచ్చడి అతను బ్యారక్‌లో అందరికీ పెట్టేవాడు. తను మాత్రం వేసుకునేవాడు కాదు.

దాచకుండా అంతా చెప్పాడు. ఆమె తొడిమలు తీయడం ఆపలేదు.

"రాయించుకోరా నాయనా. వాడి కష్టం నీ బిడ్డకి అక్కరకొస్తే అంతకంటే ఏం కావాల నాకు? వాడుంటే వాడే రాయించుకోమనేవోడు."

"కోపంగా లేదా పెద్దమ్మా?"

"కోపం దేనికి? దేవుడిచ్చాడు, దేవుడు తీసుకున్నాడు." ఇంకో గుప్పెడు కాయలు ముందుకు లాక్కుంది. "ఒక్కటి అడుగుతా. వాడు మొత్తం ఎన్ని రోజులు పనికెళ్ళాడో ఆ పుస్తకంలో ఉంటదా? నాకు తెలీదు. అసలు వాడక్కడ చెయ్యనే లేదన్నారుగా. ఒక్కోసారి నేనూ అదే నిజమేమో అనుకుంటా. రాత్రుళ్ళు అన్నం క్యారేజి కట్టింది ఎవరికో అనిపిస్తది."

ఎర్రటి కాయల మీద ఆమె చేతులు అలాగే కదులుతున్నాయి. జయరావు లేచి, రేపు మళ్ళీ వస్తానని మాత్రం చెప్పి వచ్చేశాడు. ఇంటికి వెళ్ళి మహిమతో మాట్లాడాడు. ఇద్దరూ మోకరించి ప్రార్థన చేసుకున్నారు. పైకప్పుకు ఇంకో మూడు ఎండాకాలాలు ఆగుదామని, అప్పటిదాకా కప్పుకోవడానికి తాటాకు ఎక్కడా పోలేదని మహిమే ముందు అంది.

మర్నాడు గుమాస్తా గారి బల్ల మీద సర్టిఫికెట్టు టైపు చేసి సిద్ధంగా ఉంది. మూడు సీజన్లు. పక్కనే జిగురు సీసా, చిన్న తెల్లకాగితం ముక్క.

"ఒక్క సీజనే రాయండి," అన్నాడు జయరావు.

"పిచ్చా నీకు? ఒక్క సీజనుకి ఇంక్రిమెంటు రాదన్నావుగా."

"రాదండి."

"మరి?"

"నేను చేసింది ఒక్కటే కదండి. పుస్తకం కూడా దిద్దొద్దు. ఆ ఎర్రగీతా, పక్కనున్న మాటా అలాగే ఉండనివ్వండి. అవి పోతే, మావోడు ఇక్కడ పోయాడనడానికి ఇంకేం మిగలదు."

వెంకటనారాయణ గారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత టైపు చేసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేశారు. కొత్త కాగితం టైపు మిషనులో ఎక్కించారు. జయరావు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకో సాయం అడుగుతానండి. కాదనొద్దు. పెద్దమ్మకి చదువు రాదు. రేపు ఆదివారం, మిల్లు సెలవు. ఈ పుస్తకం పట్టుకుని ఒక్కసారి మా పల్లెకి రండి. ఆ రెండు సీజన్ల పేజీలు తేదీలతో సహా ఆమె ముందు కూర్చుని చదవండి. నా పేరు వచ్చిన చోటల్లా ఏసుబాబు అని చదవండి."