వెనక గది బొమ్మలు

మొన్న తిరుపతిలో ఒక చిన్న మ్యూజియంలో చిత్రప్రదర్శన చూడడానికి వెళ్లాను. తలుపు తోయగానే కొత్త సున్నం వాసన, దాని వెనుకే రంగుల్లో కలిపే లిన్సీడ్ నూనె వాసన ముక్కుకు తగిలాయి. రంగులు ఇంకా పూర్తిగా ఆరలేదన్నమాట. ఆ వాసన సోకితే చాలు, నాకు భారతి మేడం గుర్తుకొస్తారు. తిరుపతి నుంచి వెలువడే ఒక చిన్న దినపత్రికలో ఆదివారం పేజీ ఆవిడే చూసేవారు. ఏర్పేడు దగ్గరి పల్లె నుంచి వచ్చి ఆ పత్రికలో చేరిన నాకు, బొమ్మను చూసి నాలుగు మాటలు రాయడం నేర్పింది ఆవిడే.

ప్రదర్శన వార్త అంటే మా దగ్గర ఒక అచ్చు ఉండేది. దీపం ఎవరు వెలిగించారు, శాలువా ఎవరికి కప్పారు, చివర్లో "చిత్రాలు చూపరులను ఆకట్టుకున్నాయి". నా మొదటి వార్త కూడా అలాగే రాసి ఇచ్చాను. మేడం కాగితం పక్కన పెట్టారు.

"ఎవుర్ని ఆకట్టుకున్నాయి? నిన్నా?"

"అందరినీ, మేడం."

"అందర్నీ వదిలెయ్ పాపా. గోడ మీద ఏముండాది, అది సెప్పు."

చెప్పలేకపోయాను. వేదిక మీద ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో మాత్రం పొల్లుపోకుండా గుర్తుంది. ఆ తర్వాత ప్రారంభోత్సవాలకు నన్ను పంపడం మానేశారు. శాలువాలూ కుర్చీలూ సర్దేసి, హాలు ఖాళీ అయ్యాక వెళ్లమనేవారు.

పెద్ద మ్యూజియమైనా, బడి వరండాలో తాడుకు క్లిప్పులు పెట్టి వేలాడదీసిన పిల్లల బొమ్మలైనా ఆవిడకు ఒకటే. ఇద్దరం కలిసి వెళ్లిన రోజుల్లో ఒకసారి, ఓ మ్యూజియంలో కంచు అమ్మవారి ముందు నేను అలవాటుగా చేతులు జోడించి, కళ్లు మూసుకుని, పక్కకు జరిగిపోయాను. మేడం చెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు.

"కొండ మీదైతే జరగండి జరగండి అని తోస్తారు. ఈడ నిన్ను తోసేవాళ్లు యాడుండారు? కండ్లు మూసుకునేదానికి బస్సెక్కి రావల్నా? నిలబడి సూడు."

కాళ్లు పీకేదాకా నిలబెట్టారు. అప్పుడు కనిపించింది. అమ్మవారి బరువంతా ఒక్క కాలి మీదే ఉంది, రెండో మోకాలు కాస్త సడలి ఉంది. అదే రాయమన్నారు.

దేనికైనా తనదాకా వస్తే గానీ తెలియదంటారు. మేడం భర్త మునిరత్నం సార్ చిత్తూరులో డ్రాయింగ్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. వాళ్లింటికి ఎప్పుడు వెళ్లినా కాఫీ ఆయనే కలిపి ఇచ్చేవారు. వెనక గదిలో తన మానాన తాను బొమ్మలు వేసుకునేవారు. వయసు మళ్లాక ధైర్యం చేసి, చిత్తూరులో ఒక లైబ్రరీ మేడ మీద మొట్టమొదటి ప్రదర్శన పెట్టారు.

మేడం నన్ను పిలిచారు. "మొగుడి బొమ్మల గురించి నేను రాస్తే ఊరు నవ్వుతాది. నువ్వు పోయి సూడు. ఉండేది ఉన్నట్టు రాయి."

బాగా లేకపోతే ఆ ఇంట్లో మళ్లీ ఏ ముఖం పెట్టుకుని కాఫీ తాగాలి?

తిరుచానూరులో పూలమ్మే ఆడవాళ్లను వరసగా వేశారు సార్. కనకాంబరాలు తడితడిగా ఉన్నాయి. చీర కుచ్చిళ్లు పట్టుకుంటే చేతికొచ్చేట్టున్నాయి. ముఖాలు మాత్రం దేవుడి పటంలోంచి తెచ్చి అతికించినట్టున్నాయి. సార్ మూల కుర్చీలో పేపరు చదువుతున్నట్టు నటిస్తూ నన్నే గమనిస్తున్నారు. ఒక్కో బొమ్మ ముందు నిలబడుతూ మధ్యాహ్నమంతా అక్కడే గడిపాను. తిరిగొచ్చి రాశాను: "పూలకు వాసన ఉంది. పూలమ్మే మనిషికి బేరం లేదు. కొనేవాళ్లు ఎటు పోతున్నారో కనిపెట్టే చూపు ఆమె కళ్లలో కొంచెం తగ్గింది."

మేడం చదివారు. మళ్లీ చదివారు. ఒకే ఒక్క మాట కొట్టేశారు.

"ఈ 'కొంచెం' నా మొగం సూసి పెట్టినావు," అని పేజీకి పంపేశారు.

ఆదివారం అచ్చయింది. మర్నాడు సార్ పేపరు చంకలో పెట్టుకుని ఆఫీసుకే వచ్చేశారు. నేను లేచి నిలబడ్డాను. ఆయన నావైపు తిరగనే లేదు. నేరుగా భార్య దగ్గరికి వెళ్లారు.

"ఈ పాప రాసింది నిజమే. కండ్లు నాకు రావు, నాకు తెలుసు. దానికి బాధ లేదు. దేశంలో ఉండే బొమ్మలన్నిటి ముందరా నిలబడ్తివే, వెనక రూములోకి ఒక్కనాడన్నా వస్తివా?"

మేడం చేతిలోని పెన్ను కింద పెట్టారు.

"బాగలేదంటే నీకు నొప్పి. బాగుండాదని అబద్ధం సెప్పలేను. అందుకే రాలా," అన్నారు.

"నొప్పి నాది గదా. నేను పడతా. నువ్వు రావాల్సింది."

మేడం బ్యాగు తగిలించుకున్నారు. నన్నూ రమ్మన్నారు. ముగ్గురం చిత్తూరు బస్సెక్కాం. ఇద్దరూ చెరో కిటికీ పక్కన కూర్చున్నారు. ఇద్దరి మీదా నాకు జాలేసింది. లైబ్రరీ మెట్లెక్కి, మేడం మొదటి బొమ్మ ముందు నిలబడ్డారు. ఈసారి సార్ పేపరు తీయలేదు.

"ఈ చెయ్యి తప్పు. పూలు కట్టేటప్పుడు బొటనవేలు అట్ల ఉండదు."

"ఎట్లుంటాది మరి?"

మేడం పైట కొంగునే దండలా పట్టుకుని కట్టి చూపించారు. సార్ ఆ చేతి మీదికి వంగి, "ఇంకోసారి కట్టు," అన్నారు. రెండో బొమ్మ దగ్గర గట్టిగానే పోట్లాడుకున్నారు. హాలు మూయడానికి వచ్చినతను తాళంచెవి పట్టుకుని వాళ్లకోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

మేడం ఇప్పుడు లేరు. బాగలేనిది బాగలేదని రాయడం ఆవిడ దగ్గర తొందరగానే నేర్చుకున్నాను. మనవాళ్లు గీసిన బొమ్మ ముందుకు వెళ్లి నిలబడడం మాత్రం, ఆ రోజు ఆవిడే నేర్చుకుంటూ ఉంటే పక్కనుండి నేర్చుకున్నాను. ఇప్పటికీ దగ్గరివాళ్లు ప్రదర్శన పెట్టామని ఫోను చేస్తే, నా నోట్లో ముందు ఏదో ఒక సాకే పుడుతుంది. దాన్ని మింగేసి, ఎప్పుడు తెరుస్తారని అడుగుతాను.