టీవీలో పిల్ల కోసం మా అత్తమ్మ మొక్కు

మా పిల్లల చిన్నప్పుడు... శామీర్‌పేటలో సాయంత్రం ఏడయిందంటే మా ముందరి గది నిండిపోయేది. ఎవరి టీవీ వాళ్లకున్నా, ఒక ఆస్పత్రి సీరియల్ మాత్రం అందరం కలిసే చూసేవాళ్లం. ఒక్కో రోగి కథ వారాల తరబడి నడిచేది.

ఒకసారి గుండెకు రంధ్రమున్న ఆరేళ్ల పిల్ల కథ వచ్చింది. ఆ పిల్లను ఆపరేషన్‌కు తీసుకుపోతుంటే మా అత్తమ్మ చేతులు జోడించింది.

"మైసమ్మ తల్లీ... గీ పిల్ల మంచిగై ఇంటికి పోయేదాక నేను చెప్పులు తొడుగ."

పక్కింటి రబియా నవ్వింది. "అరే అత్తమ్మా, గది ఉత్త నాటకం. ఆ పిల్ల ఇంటికి పోయి బిర్యానీ తిని పన్నదేమో."

"నాటకమైతే నాకెందుకు ఏడుపొచ్చింది మరి?" అంది అత్తమ్మ.

నేనూ లోపల నవ్వుకున్నాను... దేవుడు క్షమించుగాక.

అప్పటినుంచి కూరగాయల చేనుకు కూడా వట్టి కాళ్లతోనే పోయేది. రెండు వారాలు గడిచాయి. ఒకరోజు ఐదో తరగతి చదివే మా అమ్మాయి పిలిచింది.

"అవ్వా, నీ కాలికెళ్లి నెత్తురొస్తాంది."

"యాడనే? నాకేం నొప్పి లేదు."

అత్తమ్మకు షుగర్ ఉంది. ఆ సీరియల్లోనే అంతకుముందు ఒకాయనకు షుగర్ వల్ల కాలికి స్పర్శ పోయి, పుండు ముదిరి, పాదమే తీసేశారు. అత్తమ్మకూ అదే గుర్తొచ్చినట్టుంది... కాలి వంకే చూస్తూ కూర్చుంది.

మేడ్చల్లో డాక్టరు విరిగిన ముల్లు తీసి కట్టు కట్టాడు. ఇంకో వారమైతే వేలు దక్కేది కాదన్నాడు. చెప్పులు లేకుండా కాలు కింద పెట్టొద్దని గట్టిగా చెప్పాడు.

అత్తమ్మ వినలేదు. "మొక్కు తప్పితే గా పిల్లకేమన్నైతే?"

కసిరితే వినే మనిషి కాదు. మా పుట్టింట్లో, పెద్దవాళ్లు మొక్కు తీర్చలేకపోతే చిన్నవాళ్లు మీదేసుకునేవాళ్లు. మర్నాడు పొద్దున స్నానం చేసి మైసమ్మ గుడికి పోయాను. నా చెప్పులు గడప బయటే వదిలి, "ఇకనుంచి ఈ మొక్కు నాది తల్లీ" అని బొట్టు పెట్టుకొని, వట్టి కాళ్లతోనే ఇంటికొచ్చాను. అత్తమ్మ కాళ్లకు నేనే మెత్తటి చెప్పులు తొడిగాను.

"గిట్ల చేస్తివేంది పిల్లా..." అని నా తల మీద చెయ్యి పెట్టింది.

ఆ తర్వాత రోజూ సీరియల్ ముందు కూర్చున్నప్పుడు నాకు నవ్వు రాలేదు. ఆ పిల్ల దగ్గితే నాకూ భయమయ్యేది. ఇంకో పన్నెండు రోజులకు సీరియల్లో ఆ పిల్లను ఇంటికి పంపించారు. గదిలో అందరికన్నా ముందు కళ్లు తుడుచుకున్నది రబియానే.

అత్తమ్మ పోయి నాలుగేళ్లయింది. చివరిదాకా తన రెండు కాళ్ల మీదే నడిచింది.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరి ఫోను వాళ్లది. అందులో రోజుకెన్ని ఆస్పత్రి మంచాల ఫోటోలు చూస్తామో... వేలితో పైకి తోసేస్తాం. నేనూ అంతే.

మీ ఇంట్లో కూడా, ముక్కూమొహం తెలియని మనిషి కోసం మొక్కుకున్న పెద్దవాళ్లు ఉండేవాళ్లా... ఉంటే చెప్పండి, చదువుకుంటాను.