సింగపూరు పేరు మీద సుమతి ఓడ

సుమతికి ఒక ఓడ ఉండేదంటే బందరులో ఇప్పటికీ నవ్వేవాళ్ళున్నారు. నవ్వుకోనివ్వండి. ఆ ఓడ కట్టడం నేను చూశాను, అది చేతులు మారడమూ చూశాను. చూడనివాళ్ళకే నవ్వులాటగా ఉంటుంది.

కోనేరు సెంటరుకి కాస్త ఇవతల నాకో జిరాక్స్ కొట్టు ఉండేది. పైన మేడ మీద అనుదీప్ అనే అబ్బాయి నెట్ సెంటరు నడిపేవాడు. రెండు వేల ఆరు, ఏడు ప్రాంతాల మాట ఇది. అతనిది మొవ్వ వైపు వ్యవసాయ కుటుంబం. సుమతి అతని దగ్గర పనిచేసేది. ఆమె ఇంటివాళ్ళు సముద్రం మీద బతికేవాళ్ళు. తండ్రి లేడు. తల్లి సత్యవతమ్మ పొద్దుటి పాసింజరులో గంపెత్తుకుని గుడివాడ వెళ్ళి చేపలమ్ముకుని వచ్చేది.

ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజున నెట్ సెంటరు మెట్ల మీద కాలు పెట్టడానికి చోటుండేది కాదు. మిగతా రోజుల్లో ఈగలు తోలుకోవడమే. ఆ ఖాళీలో సుమతి ఒక ఆట పట్టుకుంది. కంప్యూటర్లో ఒక సముద్రం. దేశదేశాల వాళ్ళంతా ఆ ఒక్క నీళ్ళలోనే తిరుగుతుంటారు. ఒకడు సరుకు మోస్తాడు, ఇంకొకడు వాణ్ణి దోచుకుంటాడు. సుమతి మాత్రం చేపలు పట్టేది. అవి అమ్మి ఆటలోనే కలప కొనేది.

"ఇంట్లో చేపలు చాల్లేదా తల్లీ, ఇక్కడ కూడానా?" అనేదాన్ని.

"ఇక్కడ చేతులకి నీచు అంటదుగా ప్రేమక్కా" అనేది.

అలా చెక్క చెక్కా పోగేసి రెండేళ్ళలో పెద్ద ఓడ కట్టింది. దాని పక్క చెక్కల మీద ఇంగ్లీషు అక్షరాల్లో సత్యవతి అని రాసుకుంది. ఆ ఆట కంపెనీకి నెలనెలా రుసుము కట్టాలి. అనుదీప్ తన కార్డు మీద కట్టి, సుమతి జీతంలో పట్టుకునేవాడు. ఈ సంగతి నేను గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే తరవాత అతనికి ఇది గుర్తులేకుండా పోయింది.

ఇంతలో కంపెనీ వాళ్ళు ఒక అంగడి తెరిచారు. ఆటలో సంపాదించిన కత్తులూ ఓడలూ అసలు డబ్బుకి అమ్ముకోవచ్చట. సుమతి ఓడ కోసం ముందునుంచే ఒక విదేశీయుడు ప్రాధేయపడుతున్నాడు. పిల్ల సంబరంగా అమ్మకం బొత్తాం నొక్కింది. మీ దేశంలో ఈ సౌకర్యం లేదు అని వచ్చింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ అదే. ఇండియా వాళ్ళు ఆడొచ్చు, రుసుము కట్టొచ్చు, అమ్ముకోవడానికి మాత్రం పనికిరారు. ఆ మర్యాద చూసి నాకు అప్పుడే ఒళ్ళు మండింది.

సుమతి తొందరకి కారణం గుడివాడ చేపల మార్కెట్లో ఒక సిమెంటు గట్టు. సత్యవతమ్మ అన్నేళ్ళూ మార్కెట్ బయట మురుక్కాలవ పక్కన కూర్చునేది. ఎవరో ఒకరు వచ్చి జరగమనేవారు, జరిగేది. లోపల గట్టున్న ఒక ముసలామె పని మానేస్తూ, దసరా లోపల అడ్వాన్సు తెస్తే గట్టు నీకే ఇస్తానని ఆమెతో చెప్పింది. పైన కప్పు, పక్కన కుళాయి, ఎవరూ జరగమనని చోటు. సుమతి ఓడ అమ్మాలనుకున్నది ఆ చోటు కోసమే.

దారి చూపించింది అనుదీపే. అతని పెదనాన్న కూతురు నవ్యశ్రీ సింగపూరులో ఉంది. సింగపూరు వాళ్ళకి అమ్మకం నిషేధం లేదు. ఆమె పేరున అకౌంటు తెరిపిస్తే, సుమతి తన ఓడని ఆటలోనే ఆ అకౌంటుకి ఇచ్చేస్తే, అక్కణ్ణుంచి అమ్మొచ్చు.

"డబ్బు రాగానే నీకు తెచ్చిస్తా సుమతీ. నువ్వు నాకు చెల్లెల్లాంటి దానివి. అన్నయ్యా అని పిలు, ఈ గారూ గీరూ ఎందుకు?" అన్నాడు.

అప్పట్నుంచీ పిల్ల అన్నయ్యా అనే పిలిచింది.

నాకు ఎక్కడో గుచ్చుకుంది. "కాగితమేదన్నా రాయించుకోవే" అన్నాను. అది విని సత్యవతమ్మ నన్నే వింతగా చూసింది.

"మా పాలెంలో పడవలన్నీ అంతేగా ప్రేమమ్మా. బ్యాంకు లోనొచ్చేది ఒకళ్ళకి, వల లాగేది ఇంకొకళ్ళు. పేరుకేముంది, ఎవళ్ళదైనా రాస్తాం. పేరిచ్చినోళ్ళకి నలుగురి ముందూ ఓ మంచి చేప చేతిలో పెడతాం. అది తీసుకున్నాక పడవ నాదని ఎవళ్ళూ అనరు. మా అత్తగారి కాలంలోనూ అన్లేదు."

చెప్పినట్టే మర్నాడు పండుగప్ప తెచ్చింది. ఆ చేప అమ్ముకుంటే ఆ పూట గుడివాడ వెళ్ళే పనే ఉండేది కాదు, అంత చేప. బాదం ఆకుల్లో పెట్టి, మెట్ల దగ్గర నన్నూ, ఎదురు టీ కొట్టు కాంతారావునీ నిలబెట్టి అనుదీప్ చేతికిచ్చింది.

"ఇది పేరిచ్చినందుకు బాబూ. ఇది తీసుకున్నోళ్ళు పడవ నాదనకూడదు."

"భలేదానివి పిన్నీ. సరే, అనను" అని నవ్వుతూ తీసుకున్నాడు. వినపడలేదనడానికి వీల్లేదు. నేను పక్కనే ఉన్నాను.

ఓడ సింగపూరు అకౌంటుకి వెళ్ళింది. వారం తిరక్కుండా అమ్ముడుపోయింది. సుమతి ఆటలో చూస్తూండగానే దాని మీద వేరే జెండా లేచింది, చెక్కల మీది సత్యవతి పేరు పోయింది. పిల్ల కిందికి దిగొచ్చి, "అమ్మేశారక్కా" అంది. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. కట్టుకున్నది పోతే బాధగా ఉండదా మరి. కానీ గట్టు వస్తుందన్న ధైర్యం ఉంది.

ఆ తరవాత అనుదీప్ సెంటరుకి రావడం తగ్గించాడు. వచ్చినా ఫోను చెవి దగ్గర పెట్టుకునే మెట్లెక్కేవాడు. సుమతి అడిగితే బ్యాంకు అన్నాడు, నవ్య ఊళ్ళో లేదన్నాడు, కంపెనీ ఆలస్యం అన్నాడు. దసరా దగ్గర పడుతోంది. ఒక మధ్యాహ్నం సత్యవతమ్మ గంప నా కొట్టులో దించి, నన్ను వెంటబెట్టుకుని పైకెక్కింది.

"డబ్బులు నవ్య అకౌంట్లో పడ్డాయి పిన్నీ" అన్నాడు అనుదీప్, కుర్చీలోంచి లేవకుండా.

"పడితే పడనీ బాబూ. దసరా లోపల మాకందితే చాలు."

"అది కాదు. అకౌంట్ నవ్యది. కంపెనీ లెక్కలో ఓడ కూడా నవ్యదే. సిస్టమ్ నాది, కరెంటు నాది. తను ఆడింది కూడా నేను జీతమిచ్చే టైంలోనేగా. ఇంటింటికీ నెట్ కనెక్షన్లొచ్చి నా వ్యాపారం ఎలా ఉందో మీకు తెలీదా? ఏదో కొంత సర్దుతాలెండి, నిదానంగా."

సుమతి సెంటరు తాళాలు చేతిలోకి తీసుకుంది. సత్యవతమ్మకి ఇంకా అర్థం కాలేదు.

"నువ్వు పేరేగా ఇచ్చింది బాబూ?"

"పేరే కదా ముఖ్యం పిన్నీ. మా మొవ్వలో పొలం ఎవరు దున్నినా, పాస్‌బుక్ ఎవరి పేరునుంటే వాళ్ళదే."

"మా పాలెంలో లాగినోళ్ళది. నువ్వు చేప తీసుకున్నావుగా."

"ఏ చేప?" అన్నాడు. కాసేపటికి గుర్తొచ్చింది కాబోలు, జేబులోంచి పర్సు తీశాడు. "పండుగప్ప కదూ. దాని రేటెంతో చెప్పండి, ఇప్పుడే ఇచ్చేస్తా. మీ చేప నాకెందుకు?"

నేను చాలామంది మోసగాళ్ళని చూశాను. దొంగ సర్టిఫికెట్లు జిరాక్స్ తీయమని వచ్చేవాళ్ళు కూడా కాస్త తల దించుకునేవారు. ఇతను నిజాయితీపరుడిలా నోట్లు లెక్కపెట్టబోయాడు. సత్యవతమ్మ చేతులు వెనక్కి పెట్టేసుకుంది, ఆ డబ్బు తన ఒంటికి తగులుతుందేమో అన్నట్టు.

"మీరు అడిగుంటే సగం ఇచ్చేదాన్ని అన్నయ్యా" అంది సుమతి. "అడగాల్సింది." తాళాలు బల్ల మీద పెట్టి మెట్లు దిగేసింది. మళ్ళీ ఆ మేడ ఎక్కలేదు.

ఊరుకోవద్దన్నది నేనే. బచ్చుపేటలో ఇంకో నెట్ సెంటరులో కూర్చుని, నాకొచ్చిన ఇంగ్లీషూ ఆమెకొచ్చిన ఇంగ్లీషూ కలిపి కంపెనీకి ఉత్తరం రాశాం. దాచుకోవడానికి మాకేం ఉంది? నా పేరు సుమతి, మాది ఇండియాలో మచిలీపట్నం, ఓడ కట్టింది నేను, మా దేశంలో అమ్మనివ్వరు కాబట్టి అమ్మి పెడతారని వేరేవాళ్ళకి ఇచ్చాను, వాళ్ళు డబ్బు ఇవ్వడం లేదు, మీ దగ్గర లెక్కలుంటాయి, చూసి న్యాయం చేయండి. ఇంతే రాశాం.

దసరా ఇంకా నాలుగైదు రోజులుందనగా అనుదీప్ నా కొట్టు మీదికి వచ్చాడు. ముఖం కందిపోయి ఉంది.

"చెల్లెలు చెల్లెలు అని నెత్తిన పెట్టుకుంటే నన్ను ముంచింది ప్రేమమ్మగారూ. నవ్య అకౌంట్ మూసేశారు. పడ్డ డబ్బులు కూడా వెనక్కి లాగేసుకున్నారు. ఇంత నమ్మకద్రోహమా?"

ఆ మాట అతని నోట్లోంచి వినేసరికి చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టేశాను. "కిందికి దిగు నాయనా, నా కొట్టు మెట్టు అరిగిపోతుంది" అన్నాను. ఇంకా అనాల్సింది.

సుమతికి కబురు పెట్టాను. తల్లీ కూతుళ్ళిద్దరూ వచ్చారు. ముగ్గురం బచ్చుపేట వెళ్ళాం. జవాబు వచ్చి ఉంది. సుమతి ఒకసారి మనసులో చదువుకుంది. ఆమె చదువుతున్నంతసేపూ సత్యవతమ్మ తెర వైపు కాకుండా కూతురి ముఖం వైపే చూస్తోంది.

"ఏమన్నారే? ఓడ మనదేనన్నారా?"

"అన్నారమ్మా. మొదట్నుంచీ అన్ని లెక్కలూ చూశారంట. కట్టింది నేనేనంట. అందులో సందేహమే లేదంట."

"చూశావా ప్రేమమ్మా" అని సత్యవతమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఎక్కడో ఉన్నోళ్ళకి తెలిసింది. మరి ఎప్పుడిస్తారంట?"

సుమతి తెర మీది అక్షరాల మీద వేలు పెట్టి, తల్లికి అర్థమయ్యేలా ఒక్కో మాటా నెమ్మదిగా చెప్పింది.

"ఇవ్వరమ్మా. మన దేశపు మనిషి కట్టిన ఓడని అమ్మకానికి పెట్టడం తప్పంట. అందుకని కొన్నవాడికి డబ్బు తిరిగిచ్చేశారు. నా అకౌంటు కూడా మూసేశారు. ఓడని లేకుండా చేసేశారు." తెర మీంచి వేలు తీసేసింది. "నాదని నమ్మారు కాబట్టే తీసేశారమ్మా."