రేవుకు చోటు

ఊరి బోర్డు కనబడితే అక్షరాలు లెక్కపెట్టే అలవాటు నాకు ఒక బస్సులో పట్టుకుంది.

పిడుగురాళ్లలో ఎక్కిన పెద్దాయన నా పక్కన కూర్చుని, చేతిలోని రేకు బోర్డును మా ఇద్దరి మోకాళ్ల మీదా పరిచాడు. పచ్చరంగు మీద తెల్లగా ‘కొత్తపాలెం’ అని ఉంది.

“మాది కొత్తపాలెం రేవండీ. రేవుకు చోటు చాలలేదంటాడు పెయింటరు. సత్తెనపల్లిలో ఇంకొకణ్ణి అడగాలి” అన్నాడు.

కండక్టరు నవ్వాడు. “మీ పాత ఊరు ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోయిందిగా తాతా! ఇప్పుడు మీ కాలనీ నుంచి కృష్ణ కనబడను కూడా కనబడదు. ఇంకా రేవేంటి?”

“నవ్వరా, నవ్వు. మీ తాత పండించిన మిరపకాయలు మా రేవులోనే పడవెక్కాయి. బోర్డు మీదన్నా లేకపోతే, అక్కడో రేవుండేదని మా పిల్లలకెట్లా తెలుస్తుంది?”

కండక్టరు టికెట్ కొట్టి ముందుకెళ్లాడు. నేను బోర్డును జానతో కొలిచాను. సరిగ్గా నాలుగు జానలు. అక్షరానికొక జాన.

“ఒక్కో అక్షరాన్నీ మూడో వంతు తగ్గిస్తే ఆరూ పడతాయండీ” అన్నాను.

ఆయన వేలితో ఆరు చోట్లా తాకి చూసుకున్నాడు. ముఖం వెలిగింది. అంతలోనే సందేహం వచ్చింది.

“రేవును మాత్రం తగ్గించకుండా కుదరదా?”

“కుదురుతుంది. కానీ కొత్తపాలెం సగమైపోతుందండీ.”

“అవనీండి” అన్నాడు హాయిగా వెనక్కి వాలుతూ. “కొత్తపాలేలు ఎక్కడ చూసినా ఉన్నాయి.”