బంగారం మీంచి దూకించిన వేసవి

మొన్న ఆదివారం మా మనవరాలు తన ఫోను నా చేతిలో పెట్టి, ఇది పాతకాలం ఆటే, నువ్వూ ఆడగలవంటే, కళ్లజోడు సర్దుకుని చూశాను కదా, టోపీ పెట్టుకున్న బుల్లి మనిషొకడు అడవిలో ఎడమనుంచి కుడికి పరుగెడుతున్నాడు, గోతులు దూకుతున్నాడు, దారిలో బంగారం మెరుస్తోంది. నలభై ఏళ్ల కిందట మా ఇంట్లో మూడు రోజులు నా ప్రాణం తోడేసిన మనిషే మళ్లీ ఎదురుపడ్డట్టయింది. వేలు ఆ అద్దం మీద ఎక్కడ పెట్టాలో తోచక అలాగే ఉండిపోయాను.

మాది ఆగిరిపల్లికీ నూజివీడుకీ మధ్య ఒక పల్లె, ఇంటి చుట్టూ మా మామిడితోటే. నాకు ఉబ్బసం కాబట్టి బడికి పంపలేదు. అమ్మే వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టుకుని, ఒక చేత్తో పొయ్యి చూసుకుంటూ చదువు చెప్పింది. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ తల్లి పుణ్యమే. తక్కిన చదువంతా నాయనమ్మది. మా వైపు తోటను పూత మీదే కౌలుకిచ్చేసేవాళ్లు, ఇచ్చాక కాపంతా కౌలుదారుదే, గాలికి రాలిన కాయ కూడా మనది కాదు. నాకు ఆరేళ్లప్పుడు రాలిన చిన్నరసం ఒకటి ఏరుకుని తింటూ ఉంటే, నాయనమ్మ సగం చీకిన పండుతో సహా నన్ను తీసుకెళ్లి, చింతలపూడి నుంచి వచ్చిన కౌలుదారు ముందు నిలబెట్టింది. ఆయన తెల్లబోయి, "పసిపిల్ల అమ్మగారూ, ఏంటండీ ఇది" అంటూ రెండు చేతుల నిండా పళ్లు ఇస్తే, అవి మటుకు ఒళ్లో పోయించుకోమంది. రాలింది తినకూడదు, ఇచ్చింది తినొచ్చు. రెండూ ఒకే చెట్టు పళ్లు కదా, తేడా ఏమిటో నాకు అంతుపట్టలేదు.

ఓడలో కరెంటు పని చేసే మా బాబాయి, నాకు పన్నెండేళ్లప్పుడు వేసవి సెలవుకి వస్తూ సింగపూరు నుంచి ఆ టీవీ ఆట తెచ్చాడు. అందులో మనిషి నిధి కోసం అడవిలో పడి పరుగెడతాడు, అతనికి మూడు ప్రాణాలు. చచ్చినవాడు మళ్లీ మొదటి చెట్టు కింద ఎలా నిలబడతాడో, మూడే ఎందుకో, నాకు ఒక్కటీ అర్థం కాలేదు. పైగా మాది నలుపు తెలుపు టీవీ, అందులో బంగారమూ మంటా ఒకే బూడిదరంగు. బంగారమనుకుని మంటలోకి తోసేదాన్ని. చుట్టుపక్కల తోటల్లో మోటార్లు వేస్తే కరెంటు తగ్గి బొమ్మ కుంచించుకుపోయి, ఆ మనిషి వేలెడయ్యేవాడు. బాబాయి పడి పడి నవ్వేవాడు.

వారం తిరక్కుండానే ఆయన కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయాడు. లోపల పేగు పగిలిందని, బెజవాడ ఆస్పత్రిలో ఆపరేషను చేశారు. మూడు రోజులు గడిస్తే గాని చెప్పలేమన్నారట. ఆ కబురు వచ్చాక నాయనమ్మ అన్నం ముట్టలేదు. నాకేమీ తోచక, బాబాయి పెట్టి వెళ్లిన ఆట ముందు కూర్చుని, ఆగిరిపల్లి కొండమీది నరసింహస్వామికి మొక్కుకున్నాను. స్వామీ, ఈ మనిషి నిధి సంపాదించి చావకుండా ఇల్లు చేరితే మా బాబాయీ చేరాలి, అప్పుడు ఎవరూ ఎత్తుకోకుండా నీ మెట్లన్నీ నా కాళ్లతో ఎక్కుతాను. ఎవరికీ చెప్పలేదు. మొదటి రోజంతా ఆ మనిషి పాము కరిచి, మంటలో పడి చస్తూనే ఉన్నాడు. చచ్చినప్పుడల్లా నాకు ఆయాసం వచ్చేది.

రెండో రోజు పొద్దున నాయనమ్మ జపమాల పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ ఆటను ఆవిడ పరకాయించి చూడడం అదే మొదలు.

"ఏమే, ఎవరి తోటే అది?"

"తోట కాదు నాయనమ్మా, అడవి."

"అడవైతే ఏం? ఆ బంగారం వీడు పెట్టుకున్నదా?"

"కాదు, దారిలో దొరుకుతుంది."

"దొరకడమేంటే, ఎవరో దాచుకున్నదేగా! లేకపోతే అన్ని పాములు ఊరికే తిరుగుతున్నాయా? కాపలాకి కాకపోతే?"

అనేసి, కళ్లు తుడుచుకుని, మళ్లీ జపంలో పడిపోయింది. నేను మాత్రం ఆట ఆపేశాను. తోటలో పడ్డ దొంగని గెలిపించమనా నేను దేవుణ్ణి అడిగింది? మొక్కు వెనక్కి తీసుకుంటే బాబాయికి ఏమవుతుందో, తీసుకోకపోతే పాపమేమో, అడుగుదామంటే అమ్మ వంటింట్లో ఏడుస్తోంది. చివరికి నాకు నేనే ఒక దారి చెప్పుకున్నాను. ఇతణ్ణి ఇల్లు చేరుద్దాం, పరాయి సొమ్ము మాత్రం ముట్టనివ్వకుండా చేరుద్దాం.

బంగారం తీసుకోవడం కంటే వదలడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మంట దాటి కాలు పెట్టేచోటే బంగారం ఇటుకలా ఉండేది. ఇంకో అడుగు వెనకనుంచి పరుగెత్తించి, మంటనీ బంగారాన్నీ కలిపి ఒకే గెంతులో దాటించాలి. రెండిటికీ ఒకే రంగు కావడం ఇప్పుడు నాకు మేలే చేసింది, బూడిదరంగుగా కనిపించిన ప్రతిదాని మీంచీ దూకించేదాన్ని. మూడో రోజు మధ్యాహ్నం ఒక్క ప్రాణమూ పోకుండా, ఒక్క ఇటుకా తగలకుండా, తెర మీద గడియారంలో గడువు అయిపోయేదాకా నడిపించాను. అయిపోయాక అతను చెట్టు కింద ఊరికే నిలబడిపోయాడు. ఇల్లు లేదు, తలుపు లేదు. చావలేదు, చేరలేదు. పైన బంగారం లెక్క సున్నా. ఇది మొక్కు తీరినట్టా కాదా అని ఆ సున్నా వంక చూస్తూ వెక్కి వెక్కి ఏడ్చాను.

మర్నాడు బెజవాడ బస్సు దిగి నాన్న వచ్చాడు. గండం గడిచిందనీ, బాబాయి కళ్లు తెరవగానే అమ్మడి ఆట ఎంతవరకు వచ్చిందని అడిగాడనీ చెబితే, నాయనమ్మ నేలమీదే సాష్టాంగపడింది. నెలకి బాబాయి ఇంటికొచ్చి ఆట సంగతి అడిగితే సున్నా అన్నాను. కుట్లు పట్టుకుని నవ్వుతూ, "మూడు రోజులాడి సున్నాయేంటే అమ్మడూ!" అన్నాడు. అప్పుడు అంతా చెప్పాను. నవ్వు ఆపేశాడు. మొక్కు తీరిందో లేదో తేల్చలేకపోయినా, మరుసటేడు కొండ మెట్లన్నీ ఎక్కాను. బాబాయి నాతోపాటే ఎక్కాడు. నేను గుండె పట్టుకుని ఆగినప్పుడు ఆయన పొట్ట పట్టుకుని ఆగేవాడు. ఆయన ఇప్పటికీ చల్లగా ఉన్నాడు, అది స్వామి దయ. ఆ సున్నాకి ఆ స్వామి ఏం లెక్క కట్టాడో మాత్రం నాకు తెలియదు.

మొన్న ఫోనులో కూడా అలవాటుకొద్దీ ఆ మనిషిని బంగారం మీంచి దూకించాను. చక్కటి పసుపు రంగు, ఈసారి మంటతో పొరపాటుపడే పనిలేదు. కానీ అతను గాల్లో ఉండగానే కాసులన్నీ వాటంతట అవే లేచి వచ్చి అతనికి అతుక్కున్నాయి. అదేమిటే అంటే, "మ్యాగ్నెట్ అమ్మమ్మా, ఫ్రీ! నువ్వేం చెయ్యక్కర్లేదు" అంది మనవరాలు. వద్దంటే ఎక్కడ నొక్కాలని అడిగాను. పాపం అది ఫోనంతా వెతికింది, అలాంటి మీట లేదుట.